ఇరవై సీసాల్లో ఆరు

ఒక వేలు, పదకొండు రోజుల మంచం, నలభై నిమిషాల ఆలస్యం. మా ఇంటి నష్టం ఇది. నా లెక్క మీద నాకున్న నమ్మకం ఇందులో కలపలేదు.

నేను జహీరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మందుల స్టోర్ చూస్తాను. చదివింది పదో తరగతి. లెక్కలు సొంతంగా నేర్చుకున్నవే. ఆ ఉదయం నా భార్య సుజాత ఝరాసంగం దగ్గర అల్లం చేనులో కలుపు తీస్తుండగా రక్తపింజర వేలి మీద కాటేసింది. షేర్ ఆటోలో తెచ్చారు. చెయ్యి మోచేతి దాకా వాచింది, చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. గాజు గొట్టంలో తీసిన రక్తం ఇరవై నిమిషాలైనా గడ్డకట్టలేదు.

"టెన్ వైల్స్ ఏఎస్‌వీ, వెంటనే స్టార్ట్ చేయాలి," అన్నారు డాక్టర్‌గారు. వైల్ అంటే సీసా, ఏఎస్‌వీ అంటే పాము విషానికి విరుగుడు.

"ఇరవై ఉన్నయ్ సార్," అన్నాను, రిజిస్టర్ చూడకుండానే.

సిస్టర్ ఫ్రిజ్ తెరిచి ఒక్కో సీసా తిప్పి చూసింది. "అన్నా, ఎనకయన్నీ డేట్ దాటినయ్. పద్నాలుగు."

కొత్త సరుకు వచ్చినప్పుడల్లా నేను ముందు పెట్టేవాణ్ణి. వార్డువాళ్లు ముందున్నవే తీసుకునేవాళ్లు. నెలనెలా సీసాలు లెక్కపెట్టి సంతకం చేశాను. తేదీ ఒక్కసారీ చదవలేదు.

ఆరు ఎక్కించారు. మిగతా నాలుగింటికి నలభై నిమిషాలు ఊరంతా ఫోన్లు చేశాను, దొరకలేదు. పక్క మంచం మీద న్యాల్‌కల్ రైతు, అతనిదీ పాముకాటే. అతని కోసం ఇంటివాళ్లు వస్తూ బయట కొని తెచ్చిన సీసాల్లో నాలుగు మిగిలి ఉన్నాయి.

"తీస్కో అన్నా," అన్నది అతని భార్య. "మా ఆయనకు తగ్గింది గద. దవాఖానల లేకుంటే నువ్వేం జేస్తవ్?"

ఆ దవాఖాన స్టోర్ చూసేది నేనేనని చెప్పలేదు. తీసుకున్నాను.

సాయంత్రానికి ఆ రైతు రక్తం మళ్లీ గడ్డకట్టడం మానేసింది. రెండో డోసుకు సీసాల్లేక సంగారెడ్డి పంపారు. బతికాడు, కానీ కిడ్నీలు దెబ్బతిని మూడు వారాలు డయాలసిస్.

సుజాత వేలు నల్లబడింది. "గాంగ్రీన్. తీసేయాలి," అన్నారు డాక్టర్‌గారు. ఆలస్యం వల్లేనా అని అడిగాను. "అవునని చెప్పలేను, కాదనీ చెప్పలేను."

ఇప్పుడు తొమ్మిది వేళ్లతోనే రొట్టెలు చేస్తోంది. "ఉన్న వేళ్లకు గూడ డేట్ రాసి పెట్టుకోరాదయ్యా," అని ఎగతాళి చేస్తుంది. నాకు నవ్వు రాదు.

స్టోర్‌లో ఇప్పుడు పాత తేదీవి ముందు, కొత్తవి వెనక. ప్రతి సోమవారం నేనూ సిస్టరూ కలిసి తేదీలు పైకి చదువుతాం. మీరూ మీవాళ్లకు మందు ఎక్కించే ముందు సీసా మీది తేదీ చదివి వినిపించమని అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు.

మొన్న నిజం చెప్పాలని న్యాల్‌కల్ పోయాను. ఆ రైతు భార్య చాయ్ పోసి, "వదినె చెయ్యి ఎట్లున్నదన్నా?" అని అడిగింది.

"మంచిగున్నది చెల్లె," అన్నాను. చాయ్ తాగి వచ్చేశాను.

సీసాలు ఇప్పుడు తిరిగిచ్చినా ఆ సాయంత్రానికి అందవు. ఆమెకు నేను బాకీ ఉన్నవి ఇప్పటికీ నాలుగు.