ఆఖరి రౌండ్

కాలేజీ చదువు పూర్తికాగానే ఆమె ఊరు మారి, పిన్ని ఇంట్లో ఉంటూ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం కాళ్లరిగేలా తిరిగింది. "ఈ నెలాఖరులోగా రాకపోతే మీ నాన్నొచ్చి తీసుకెళ్లిపోతాడే," అని పిన్ని ముందే హెచ్చరించింది. అందుకే ఒక కంపెనీ పరీక్షకు పిలవగానే ప్రాణం లేచి వచ్చినట్టయింది.

హాలు నిండా మనుషులు తలెత్తకుండా టైపు చేస్తున్నారు. ఆమెకిచ్చింది ఊహించి రాసిన ప్రశ్న కాదు. ఎవరో నిజమైన ఖాతాదారుల బిల్లుల్లో దొర్లుతున్న తప్పు. సరిచేసింది. "తదుపరి రౌండ్ రేపు" అని తెర మీద కనిపించింది. మర్నాడూ అంతే. వారమంతా అంతే.

చివరికి పక్క కుర్చీలో ఉన్నావిడను అడిగింది. "అక్కా, ఈ కంపెనీలో పనెలా ఉంటుంది?"

"నన్నడుగుతావేంటమ్మా? నాదింకా ఇంటర్వ్యూనే," అంది ఆవిడ, తెర మీంచి చూపు తిప్పకుండా. ఆవిడ కీబోర్డు మీద అక్షరాలన్నీ అరిగిపోయి ఉన్నాయి.

ఆమె లేచి నిలబడి గట్టిగా అడిగింది. "ఇక్కడ జీతం తీసుకునేవాళ్లెవరైనా ఉంటే చెయ్యెత్తండి!"

టైపింగ్ చప్పుడు ఠక్కున ఆగింది. ఒక్క చెయ్యీ లేవలేదు.

"కూర్చోండి మేడమ్, మీవల్ల మా మార్కులు పోతాయి," అని వెనకనుంచి ఎవరో విసుక్కున్నారు. చప్పుడు మళ్లీ మొదలైంది.

ఒకరి శ్రమను వాడుకుని, దానికి పరీక్ష అని పేరు పెట్టినంత మాత్రాన అది పరీక్ష కాబోదు. ఆమె ఆ రోజు రాసినదంతా చెరిపేసి బయటకు నడిచి, పిన్నికి ఫోన్ చేసింది.

"ఉద్యోగం రాలేదు పిన్నీ. నాన్నని రమ్మను."

"మరి వారం రోజులూ అక్కడేం వెలగబెట్టావే?"

"ఉద్యోగమే చేశాను."