గోడలు లేని చెరువు

ఆ రోజుల్లో నాకు ప్రతి పనీ పరుగు మీద మొదలుపెట్టే గుణం ఉండేది. ముగించిన దాఖలా మాత్రం ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. టైపు నేర్చుకుంటానని రాంగోపాల్‌పేట్‌లో చేరి వారం తిరక్కుండానే మానేశాను. హార్మోనియం సరళీ స్వరాల దగ్గరే ఆగిపోయింది (అందుకు ఇరుగుపొరుగు చాలా సంతోషించారని తర్వాత తెలిసింది). ఈ సంగతులన్నీ బోయిన్‌పల్లిలో కూరగాయల తోట చేసే మా మేనమామకు ఎప్పటికప్పుడు చేరిపోయేవి. చేరితే నాకేం అనుకునేరు. ఆయన కూతుర్ని నాకు చేసుకోవాలని పెద్దలు చిన్నప్పుడే అనుకున్నారు. పెద్దల కంటే ఎక్కువగా నేను అనుకున్నాను. మామ మాత్రం మా అమ్మతో తేల్చి చెప్పాడు: "అక్కా, పిల్లనిచ్చుడు నాకిష్టమే. గని వీడు ఒక్క పనన్న ఆఖరి దాక చేసుడు నా కండ్లతోని సూడాలె."

నాకు బాగా వచ్చిన పని ఒక్కటే, ఈత. అదీ మా గల్లీ చివరి బావిలో. పోలీస్ యాక్షన్‌కు ముందు ఊరంతా గడబిడగా ఉండి, మా అమ్మ నన్ను మలుపు దాటనిచ్చేది కాదు. చెరువుల వెంట తిరగవలసిన ఈడంతా ఆ బావిలోనే గడిచిపోయింది. బావి ఈతకు ఒక పద్ధతి ఉంది. ఇవతలి గోడను రెండు కాళ్లతో తన్నితే సగం బావి దానంతటదే వెళ్లిపోతుంది. మిగతా సగానికి నాలుగు బారలు వేస్తే అవతలి గోడ అందుతుంది. దాన్ని పట్టుకుని ఊపిరి పీల్చుకుని మళ్లీ తన్నాలి. ఈ విద్యలో గల్లీ మొత్తానికి నేనే మొనగాణ్ణి. పక్కింటి దర్జీ గారి కొడుకు, నా ప్రాణస్నేహితుడు, ఎప్పుడూ నా వెనకే చేరేవాడు. అయినా అందరూ చేప అనే అర్థంలో 'మచిలీ' అని పిలిచేది వాణ్ణే (ఈ అన్యాయం నాకిప్పటికీ మింగుడుపడలేదు).

పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఎండాకాలం, జనం మళ్లీ సాయంత్రాలు షికారుకు బయల్దేరుతున్న రోజుల్లో, లష్కర్‌లోని పల్టన్ సిపాయిలు బోయిన్‌పల్లి అవతలి చెరువులో ఈత పందెం పెట్టారు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు. ఊళ్లోవాళ్లూ చేరవచ్చు. పల్టన్ వంటశాలకు కూరగాయలు వేసేది మామే కాబట్టి కబురు తెచ్చిందీ ఆయనే. ఫస్టు నాదేనన్నాను. ఫస్టు తనకక్కర్లేదనీ, అవతలి ఒడ్డెక్కితే ఈ ఏడే ముహూర్తం పెడతాననీ, మధ్యలో పడవెక్కితే మాత్రం ఆ సంబంధం ఊసెత్తొద్దనీ మా అమ్మ ఎదుటే అనేశాడు.

నాతోపాటు పందేనికి పేరిచ్చిన మచిలీని కూర్చోబెట్టి లెక్క వేశాను. బావి అడ్డానికి ఇంత సేపు, చెరువు వెడల్పు ఇన్ని బావులు, హెచ్చవేస్తే పల్టన్ వాళ్లు చాయ్ గ్లాసుల్లో పోసేలోపు నేను అవతల ఉంటాను. మచిలీ తల గోక్కుని, చెరువులో మధ్య మధ్య గోడలుండవు కదా అని సందేహం వెలిబుచ్చాడు. మెట్రిక్‌లో లెక్కలు తప్పినవాడికి ఇంతకంటే ఏం తడుతుందని నవ్వేశాను.

పందెం నాడు అవతలి ఒడ్డున మామిడిపండ్ల బుట్టతో నా మరదలు నిలబడింది. ఆ పండ్లు నాకేనని మచిలీ ద్వారా ముందే తెలిసింది. అలసిపోయినవాళ్లను ఎక్కించుకునే పడవలో, ఒక సిపాయి పక్కన, మామ కూర్చున్నాడు. తుపాకీ పేలగానే నేను బావిలో లాగే దూకాను. కాసేపటికి వెనక్కి చూస్తే అందరూ ఎక్కడో ఉన్నారు. పట్టలేని ఆనందంతో ఒడ్డుకేసి చెయ్యి కూడా ఊపాను. అలవాటు కొద్దీ ఊపిరికోసం గోడ పట్టుకోబోతే చేతికి నీళ్లే తగిలాయి. ఇంకో నాలుగు బారల తర్వాతా నీళ్లే. నా చేతులు నావి కాకుండా పోయాయి. ముందు సిపాయిలు దాటారు. తర్వాత మచిలీ, నావైపు జాలిగా చూస్తూ దాటాడు. చివరికి గాంధీ టోపీ తడవకుండా కప్పలా ఈదుతున్న ఓ డ్రిల్లు మాస్టారు, "నమస్కారం" అని పలకరించి మరీ దాటిపోయారు. ఒక గుక్క నీళ్లు మింగాను. పడవ పక్కకు వచ్చింది. సిపాయి చెయ్యి చాచాడు.

ఆ చెయ్యి చూసి నాకు ఏడుపొచ్చింది, పట్టుకోవాలనిపించి. తలెత్తితే మామ మొహంలో కోపం కాదు, భయం కనిపించింది. ఆయన సిపాయి చేతిని మెల్లగా పక్కకు జరిపి, వంగి, నాకే వినబడేలా అన్నాడు: "అల్లుడా, నిన్నెవరు తరుముతలేరు. మెల్లగ రా."

ఆయన నన్ను అల్లుడా అనడం అదే మొదటిసారి. అప్పటిదాకా 'ఏందిరా' అనే పిలుపే నా పేరు. నేను వెల్లకిలా తిరిగి కాసేపు ఆకాశం చూశాను. తర్వాత ఒక బార, ఒక ఊపిరి, మళ్లీ ఒక బార. అంత నెమ్మదిగా నేను అన్నం కూడా తిని ఎరగను. పడవ నా పక్కనే, నా నడకే నడిచింది. సిపాయికి రెండుసార్లు ఆవలింత వచ్చింది.

నేను ఒడ్డెక్కేసరికి బహుమతులు పంచేసి, షామియానా మడతపెడుతున్నారు. ఒడ్డున మిగిలింది మచిలీ, నా మరదలు, ఆమె కాళ్ల దగ్గర ఖాళీ బుట్ట. "నువ్వెప్పుడొస్తవో తెల్వకపాయె బావా, ఆకలైంది" అంది. చుట్టూ టెంకలు. వాటిలో కొన్ని మచిలీవని వాడి గడ్డమే చెప్పింది. మామ పడవ దిగి, తన కండువా తీసి నా తల తుడిచాడు. ఆషాఢం దాటగానే పెళ్లయింది.

ఇప్పుడు పొద్దున్నే మేమిద్దరం నడకకు వెళతాం. ఈ వయసులోనూ నేను గుమ్మం దగ్గరే జోరందుకుంటాను, మలుపు తిరిగేసరికి రొప్పుతాను. ఆవిడ మొదటి నుంచీ ఒకే తీరున నడిచి, నన్ను దాటి, పార్కు బెంచీ మీద కూర్చుంటుంది. మామిడిపండ్ల రోజుల్లో చేతిలో చిన్న డబ్బా ఉంటుంది. దూరం నుంచి నేను కనబడగానే, వాళ్ల నాన్న గొంతుతోనే, "మెల్లగ రా, ఎవరు తరుముతలేరు" అంటుంది. ఏటేటా ఇంకాస్త ఆలస్యంగానే చేరుతున్నాను. అయినా మూత తీస్తే, సగం ముక్కలు నాకోసం అలాగే ఉంటాయి.