వావిలాకు నీళ్లు

"అక్కా, అవ్వ పోయింది." మంథని నుంచి తమ్ముడి ఫోన్. మా చిన్నమ్మ కొడుకు వాడు, అమ్మను అవ్వ అంటాడు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి పది రోజులుగా చిన్నమ్మ ఆసుపత్రిలో ఉంది. ఆ మాట విన్నాక నేను ముందు చేసింది ఏడవడం కాదు. కుడికన్ను మూసి, ఎడమకన్నుతో గోడమీది క్యాలెండర్ చూశాను. అంకెలు వారం నుంచి ఉన్నట్టే మసకగా ఉన్నాయి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

చిన్నమ్మకూ కన్నుతోనే మొదలైంది. ముప్పై ఏళ్లు నిండలేదు, బొగ్గుగని కాలనీ క్వార్టర్లో కాపురం. ఒక కన్ను మసకేసింది, నెలకు దానంతటదే తగ్గింది. మరుసటేడు కాళ్లకు తిమ్మిరి. అదీ తగ్గి, మళ్లీ వచ్చింది. వచ్చిపోయేదాన్ని మావాళ్లు జబ్బనుకోలేదు.

"నిన్న మంచిగనే ఉంటివి. ఇయ్యాల బియ్యం చెరగాల్నంటే కాళ్లు గుంజినయా?" అని అమ్మమ్మ ఎత్తిపొడిచేది.

కాళ్లకు మా ఇంట్లో తెలిసిన మందొకటే, వావిలాకు వేసి మరిగించిన నీళ్ల స్నానం. డిగ్రీ సెలవుల్లో ఆ నీళ్లు పోసింది నేనే.

"జర సల్లగ పొయ్యి బిడ్డా. కాళ్లల్ల పానం పోతుంది."

"ఉడుకుంటెనే పట్టు ఇడుస్తది చిన్నమ్మా" అంటూ ఇంకో చెంబు పోసేదాన్ని. స్నానమయ్యాక ఆమె లేవలేకపోయేది. గంటకు తేరుకుంటే, "సూసినవా, అంత నాటకం" అనేది అమ్మమ్మ.

హైదరాబాద్‌లో నరాల డాక్టరు ఆ స్నానం సంగతి విని రాయడం ఆపాడు. మెదడుకూ వెన్నుపాముకూ ఎమ్మారై తీయించాడు, వెన్నులోంచి నీరు తీసి పరీక్షించాడు. మల్టిపుల్ స్క్లిరోసిస్ అన్నాడు. ఒంటిని కాపాడాల్సిన శక్తే నరాల మీది పొరను తినేస్తుందట. పొర పోయిన నరం వేడికి ఇంకా సోలిపోతుందట. ఉధృతమైనప్పుడు స్టెరాయిడ్లు, మళ్లీ మళ్లీ రాకుండా సూదులు. పూర్తిగా పోగొట్టే మందు లేదు. "వేడితో జబ్బు ముదరదమ్మా, ఆ కాసేపే అలా అవుతుంది" అన్నాడు నాతో. నమ్మానా? ఇప్పటికీ చెప్పలేను.

ఆ తర్వాత ఎండాకాలమంతా చిన్నమ్మ మెడ చుట్టూ తడి తువ్వాల ఉండేది. "గిదే నా ఏసీ" అని నవ్వేది. నేనోసారి ఆ నీళ్ల మాటెత్తి ఏడిస్తే, అదే తువ్వాల కొసతో నా మొహం తుడిచింది. "తెల్వక పోసినవ్, తప్పేముంది? నేను నా కన్ను సంగతి ఏడాది దాచిన. తెల్సి దాస్తెనే తప్పు బిడ్డా."

కరీంనగర్ నుంచి వెళ్లేసరికి వాకిట్లో మూడు రాళ్ల మీద నీళ్లు కాగుతున్నాయి. ఆఖరి స్నానానికి. నన్నే పొయ్యమన్నారు.

"సల్లనీళ్లు కలపుండ్రి" అన్నాను.

"ఇగ ఆమెకేం తెలుస్తది బిడ్డా?" అంది ఒక పెద్దావిడ.

అయినా కలిపాను. సరిపోయాయో లేదో చూద్దామని ఎడమచేయి బకెట్లో ముంచాను. వేడో చల్లనో తెలియలేదు. వేళ్లు ఆడించాను. నీళ్లు కదిలాయి, అంతే.

తమ్ముణ్ణి పిలిచాను. "నువ్వు చెయ్యి పెట్టి సూడురా. నాకు తెలుస్తలేదు."

వాడు బకెట్ వైపు చూడలేదు. నీళ్లలో ఉన్న నా చేతినే చూస్తూ నిలబడిపోయాడు. వాడి భుజం మీద చిన్నమ్మ తువ్వాల ఇంకా తడిగానే ఉంది.