నోటిమీద వేలు

మా కుటుంబంలో డిగ్రీ పట్టా పుచ్చుకున్న మొదటి మనిషిని నేనే. తాతల కాలంలో శ్రీకాకుళం పల్లెల నుంచి వచ్చి ఒడిశాలో గుణుపురం పక్కన సాగులో స్థిరపడిన ఇల్లు మాది. ఇంట్లో తెలుగు, సంతలో ఒడియా, కొండ దిగి వచ్చే కూలీలతో వాళ్లు మాట్లాడే దేశియా. ఏ మాట ఏ భాషదో మా ఇంట్లో ఎవరూ విడదీసి చూసుకోలేదు. నేను మాత్రం చూసుకోవలసి వచ్చింది. శ్రీకాకుళంలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నప్పుడు ఒకసారి తరగతిలో లేచి జవాబు చెబుతూ, మధ్యలో తెలియకుండానే ఒక ఒడియా మాట దొర్లించాను. గది మొత్తం నవ్వింది. ఆ ఏడాది మిగిలిన కాలమంతా తెలిసిన జవాబులు కూడా నేను చెప్పలేదు. ఆ నవ్వు నా పిల్లల చెవిన పడకూడదని అప్పుడే అనుకున్నాను. సమర్థించుకోవడానికి కాదు, ఎక్కడ మొదలైందో చెప్పడానికే ఈ సంగతి రాస్తున్నాను.

నాకు లక్ష్మీపూర్‌లో ఒక కార్యాలయంలో గుమాస్తా ఉద్యోగం. నా భర్త తెరుబలిలో ఫ్యాక్టరీ కొలిమి దగ్గర షిఫ్టుల్లో పని చేస్తూ, వారానికి ఒకసారి ఇంటికి వచ్చేవారు. అప్పటికి మా అమ్మాయికి ఐదేళ్లు, బాబుకు రెండేళ్లు నిండలేదు. పగలు పిల్లలను చూసుకోవడానికి పక్క కొండ ఊరి నుంచి ఒక పెద్దావిడ వచ్చేది. పిల్లలు ఆమెను ఆయీ అని పిలిచేవారు. ఆమెకు దేశియా తప్ప మరో భాష రాదు. బాబును వీపున గుడ్డతో కట్టుకుని ఇల్లు ఊడ్చేది, చోడి జావ కాచేది, మా అమ్మాయితో రోజంతా కబుర్లాడేది. నేను సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మా అమ్మాయి నోరు నిండా దేశియా ఉండేది.

అందుకే ఒక నియమం పెట్టాను. మా అమ్మాయి నా దగ్గర దేశియా మాట పలికితే, నేను నా పెదవుల మీద వేలు పెట్టి చూపిస్తాను. అప్పుడామె తన నోటిమీద తన వేలు పెట్టుకుని గోడ దగ్గర నిలబడాలి. ఆ మాటకు తెలుగు గుర్తొచ్చాక వేలు తీసి, వచ్చి చెప్పాలి. కొట్టడం లేదు, తిట్టడం లేదు. ఇది చాలా నాగరికమైన పద్ధతని నేను నిజంగానే నమ్మాను.

సంతోషాలు లేవని కాదు. ఒక ఆదివారం నేను స్నానం చేసి వచ్చేలోపు మా అమ్మాయి నా సంచిలోని ఆఫీసు ముద్ర తీసి, తమ్ముడి పొట్ట నిండా ‘అందినది’ అని ఒడియాలో కొట్టింది. వాడు పొట్ట ముందుకు పెట్టి ఇంటింటికీ తిరిగి చూపించి వచ్చాడు. మూడు రోజుల దాకా ఆ సిరా పోలేదు. ఇంకొకరోజు సాయంత్రం నేను గేటు తీసేసరికి పెరడంతా బుడగలు. పెరటి కంచెకు నేపాళం మొక్కలు ఉండేవి. ఆయీ ఒక కాడ తుంచి, కారిన పాలను గడ్డిపరకతో కట్టిన ఉచ్చులో పట్టి మెల్లగా ఊదుతోంది. ఎండ తగిలి బుడగలు రంగులు తిరుగుతున్నాయి. బాబు వాటిని పట్టుకోబోయి బోర్లా పడుతున్నాడు, లేస్తున్నాడు. మా అమ్మాయి నా దగ్గరకు పరుగెత్తుకొచ్చి, ఆయీ నేర్పిన మాటతోనే ఆ బుడగల సంగతి చెప్పబోయింది. నా వేలు పెదవుల మీదకు వెళ్లింది. ఆమె గోడ దగ్గరకు వెళ్లింది. ‘బుడగ’ అనే మాట ఆమెకు గుర్తొచ్చి తిరిగొచ్చేసరికి పెరట్లో ఒక్కటీ మిగలలేదు.

ఆ ఏడు చోళ్లు కోతకు వచ్చాక ఆయీ పది రోజులు తన ఊరికి వెళ్లింది. పిల్లలను చూసుకోవడానికి గుణుపురం దగ్గర నుంచి మా అమ్మ వచ్చింది. వచ్చిన రోజే మా అమ్మాయి గోడ దగ్గర నిలబడి ఉండడం చూసింది.

“ఏటే అమ్మీ, పిల్లనలా నిలబెట్టీసేవు? ఏటి సేసింది?”

“ఏమీ చెయ్యలేదమ్మా. మాట వెతుక్కుంటోంది.”

“ఒలమ్మో! మాటేటి సూదా, పడిపోతే ఎతుక్కోడానికి? నువ్వు పుట్టి బుద్దెరిగిన కాణ్నుంచి నాను నీ నోటికి అడ్డం రానేదే. సదివించేను కూడాను. సదువంటే నోరు ముయ్యడఁవని నాకు తెల్దు.”

“నువ్వు నన్నలా వదిలేశావు కాబట్టే అక్కడ అందరూ నన్ను చూసి నవ్వారమ్మా.”

నా మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలిందని నాకు తెలుసు. తగలాలనే అన్నాను.

మరుసటి ఆదివారం ఉదయం అమ్మ కూరగాయలకు సంతకు వెళ్లింది. నేను ఇంటి ముందు తాడు మీద బట్టలు ఆరేస్తున్నాను. పిల్లలు పెరట్లో ఆడుకుంటున్నారు. మా అమ్మాయి పరుగున వచ్చి నా వెనక నిలబడింది.

“అమ్మా, తమ్ముడు...” అంది. ఆ తర్వాత వచ్చింది దేశియా మాట.

ఆ మాట ఏమిటో నేను వినలేదు. అది తెలుగు కాదన్నంత వరకే విన్నాను. ఆమె వంక చూడకుండా, నోట్లో బట్టల క్లిప్పు ఉండగానే, తల ఒక పక్కకు తిప్పి పెదవుల మీద వేలు పెట్టి చూపించాను. ఆమె అడుగులు లోపలికి వెళ్లిన చప్పుడు వినిపించింది. తడి చీర అంచులు సమంగా లాగి క్లిప్పులు పెట్టాను. బక్కెట్టులో ఇంకా సగం బట్టలున్నాయి. అవన్నీ ఆరేశాను.

లోపలికి వెళ్లేసరికి బాబు వంటగది గడప మీద కూర్చుని ఉన్నాడు. నేను ఎత్తుకోగానే నా భుజం మీద వాంతి చేసుకున్నాడు. పాలు పడలేదేమో అనుకున్నాను. మళ్లీ చేసుకున్నాడు. ఆ తర్వాత విరేచనం మొదలైంది. నేను చదువుకున్నదాన్ని కదా, కంగారు పడలేదు. కాచి చల్లార్చిన నీళ్లలో ఓఆర్‌ఎస్ పొట్లం కలిపి చెంచాతో పట్టించాను. ఒక కాగితం మీద వాంతి అయిన ప్రతిసారీ టైము రాసిపెట్టాను. నాలుగోసారి రాశాక మా అమ్మాయి గుర్తొచ్చింది.

ఆమె గోడ దగ్గరే నిలబడి ఉంది. నోటిమీద వేలు అలాగే ఉంది.

“తమ్ముడు ఏం తిన్నాడు?” అని అడిగాను.

ఆమె వేలు తీసింది. పెదవులు కదిలాయి. మాట రాలేదు.

“నువ్వేమైనా పెట్టావా? చెప్పు!” నా గొంతు పెరిగింది. ఆమె వేలు మళ్లీ నోటిమీదకు వెళ్లింది. తప్పు చేసి దాస్తోందని అనుకున్నాను.

అంతలో అమ్మ సంత నుంచి వచ్చింది. సంచి కింద పడేసి బాబు కళ్లు చూసింది.

“గుంటడు తోటకూర కాడలాగ వాలిపోనాడేటే! ఎవులి కళ్లు పడ్డాయో. ఉప్పూ మిరపకాయా తే, దిష్టి తీసేద్దుము.”

“దిష్టి కాదమ్మా, అజీర్ణం. నేను చూసుకుంటున్నాను” అని కాగితం చూపించాను. చదవడం రాని మా అమ్మ ఆ కాగితం వంక చూసి, నా వంక చూసింది.

“రాసుకుంటే తగ్గిపోద్దేటే? ఆటో పిలువు.”

ఆటో పిలిచాను. లక్ష్మీపూర్ ఆసుపత్రిలో సెలైన్ పెట్టి, వెంటనే కొరాపుట్ తీసుకెళ్లమని అంబులెన్సు ఏర్పాటు చేశారు. ఘాట్ మలుపుల్లో బాబు తల నా చేతిలో అటూ ఇటూ ఒరుగుతోంది. ఏడవడం కూడా మానేశాడు. నా భర్త ఫోను మోగుతూనే ఉంది గానీ, కొలిమి దగ్గరకు ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. మా అమ్మాయి ఎదురు బల్ల మీద అమ్మ ఒళ్లో కూర్చుంది. దారి పొడుగునా తమ్ముడి వైపు చూసింది, నా వైపు చూడలేదు.

కొరాపుట్‌లో బాబును చూసిన డాక్టరు నడివయసు మనిషి. ఒడియాలో నెమ్మదిగా అడిగారు. పురుగుమందు ఏదైనా అందుబాటులో ఉందా? పుట్టగొడుగులు వండారా? ఆకు, కాయ, గింజ ఏమైనా నోట్లో పెట్టుకున్నాడా? నేను వరుసగా జవాబులిచ్చాను. ఉదయం పాలు, రెండు బిస్కెట్లు, సగం ఇడ్లీ. కాగితం కూడా ఇచ్చాను. ఆయన దాన్ని చూసి, ఇవి వాంతులైన వేళలు మాత్రమేనమ్మా, కారణం తెలిస్తే గానీ నాకు దారి దొరకదు, అన్నారు. బాబు నాడి ఆయనకు నచ్చడం లేదని ముఖంలోనే తెలిసింది. తర్వాత మా అమ్మాయి ముందు గొంతుక్కూర్చున్నారు. తమ్ముడు ఏం తిన్నాడో నువ్వు చూశావా, అని అడిగారు.

ఆమె ఆయన వైపు కాదు, నా వైపు చూసింది.

“చెప్పు తల్లీ” అన్నాను.

చాలా చిన్న గొంతుతో అంది, “అమ్మా, ఆ మాట నాకు తెలుగులో దొరకలేదు. పొద్దుట్నుంచీ వెతుకుతున్నా.”

“ఏ భాషలోనైనా చెప్పు! దేశియాలో చెప్పు!”

నేను అరిచాను. వార్డులో తలలు ఇటు తిరిగాయి. ఆమె నమ్మలేదు. రెండడుగులు వెనక్కి వేసి ఆసుపత్రి గోడకు ఆనుకుని, నోటిమీద వేలు పెట్టుకుంది.

అప్పుడు మా అమ్మ వెళ్లి ఆమె పక్కన నేల మీద కూర్చుంది. సంతల్లో, పొలం గట్ల మీద నేర్చుకున్న వచ్చీరాని దేశియాలో, ఏం తిన్నాడని అడిగింది. పది మందిలో అమ్మ అలా మాట్లాడితే ఒకప్పుడు నేను దూరంగా వెళ్లి నిలబడేదాన్ని.

“కాయ్ కాయిలా, మా? తమ్ముడు కాయ్ కాయిలా?”

మా అమ్మాయి నోటి నుంచి వేలు జారింది. పొద్దుటి నుంచి ఆగి ఉన్న మాటలన్నీ ఒక్కసారి బయటికొచ్చాయి. ఏడుస్తూ, వెక్కుతూ, మధ్యలో మూడు వేళ్లు చూపిస్తూ చెప్పింది. అమ్మ తలెత్తింది.

“నేపాళం గింజలే, అమ్మీ. కంచె మీదవి. ఎండిన కాయలు కొరికి మూడు గింజలు తిన్నాడట. బుడగలు ఊదిన నాడే ఆయీ సెప్పిందట దీనికి, గింజలు ఇసమని, నోట్లో ఎట్టకూడదని.”

డాక్టరు అప్పటికే లేచి నర్సుకు ఏవో చెబుతున్నారు. మా అమ్మాయి ఇంకా మాట్లాడుతూనే ఉంది. చివర ఒక వాక్యం అంది. అమ్మ దాన్ని నాకు తెలుగులో చెప్పలేదు.

“ఏమందమ్మా?”

“ఏటీ నేదులే.”

అమ్మ చెప్పనక్కర్లేదు. ఆ మాత్రం దేశియా నాకూ అర్థమవుతుంది. గుణుపురం పక్కన పుట్టినదాన్ని. అమ్మకు చెబుదామనే వెంటనే వెళ్లాను, అని మా అమ్మాయి అంది.

బాబు మూడు రోజులు సెలైన్ మీద ఉన్నాడు. మొదటి రోజు సాయంత్రం ఇంకా గంట చూస్తే గానీ ఏమీ చెప్పలేమన్నారు. ఆ గంట, దాని తర్వాత ఇంకో గంట నేను వాడి అరికాళ్లు పట్టుకుని కూర్చున్నాను. మరునాడు నా భర్త వచ్చేసరికి వాడు నీళ్లు అడిగాడు. ఏం జరిగిందని ఆయన అడిగారు. ఒక్క మాట కూడా దాచకుండా చెప్పాను. ఆయన విని, లేచి వెళ్లి మా అమ్మాయి పక్కన కూర్చున్నారు. నన్ను ఒక మాట అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇల్లు చేరాక ఆ నియమం ఎత్తేశానని మా అమ్మాయికి ఎదురుగా కూర్చుని చెప్పాను. ఆమె శ్రద్ధగా విని తల ఊపింది. కోతలు ముగించుకుని వచ్చిన ఆయీ సంగతి తెలిసి తల కొట్టుకుని ఏడ్చింది. చీకటి పడేలోపు తన చేతులతోనే కంచెలోని నేపాళం మొక్కలన్నీ పీకి పడేసింది. తర్వాత మా అమ్మాయిని దగ్గరకు తీసుకుని ఏదో అడిగింది. మా అమ్మాయి జవాబివ్వలేదు. ఆ తర్వాత ఆమె ఆయీతో దేశియా మాట్లాడడం నేను వినలేదు. నేనే మాట్లాడించాలని చూశాను. ఆయీని అడిగి చెట్ల పేర్లు, కాయల పేర్లు నేర్చుకుని మా అమ్మాయి ముందు పలికాను. ఆమె మర్యాదగా విని, ప్రతిదానికీ తెలుగు పేరు చెప్పింది. తెలియని చోట ఊరుకుంది.

ఇప్పుడామెకు తొమ్మిదో ఏడు. బడిలో మంచి పిల్ల అంటారు, గొడవ చెయ్యదంటారు. బాబు ఏ నియమమూ లేకుండా పెరుగుతున్నాడు. వాడి నోట్లో మూడు భాషలూ కలిసే ఉంటాయి.

మొన్న ఆదివారం నేను పప్పు తాలింపు వేస్తుంటే వాడు వంటగదిలోకి పరుగెత్తుకొచ్చాడు. పెరట్లో ఏదో చూశాడు, ఆయీ మాటల్లో గబగబా చెప్పడం మొదలుపెట్టాడు. ఈసారి నేను చేతిలో పని వదిలేసి వాడి వైపు తిరిగాను. అంతలోనే వెనక నుంచి వాళ్లక్క వచ్చి వాడి పెదవుల మీద వేలు పెట్టింది.

వాడు ఆ వేలును కొరికాడు. కొరికి, పకపకా నవ్వుతూ పెరట్లోకి పారిపోయాడు.

మా అమ్మాయి నవ్వలేదు, వేలు విదిలించుకోలేదు. పంటిగాట్లు పడిన ఆ వేలిని రెండో చేతిలో దాచుకుని నా ముందు నిలబడింది.

“వాడు చిన్నవాడమ్మా” అంది. “నేను నేర్పిస్తాను.”