కడిగిన అద్దం

జిడ్డు గుడ్డలు ఉడకబెట్టడానికి మా కోడలు కాగే నీళ్లలో బట్టల సోడా వేసినప్పుడు పెరట్లోంచి వచ్చే ఆ సవుడు వాసనకు ఈ వయసులోనూ నా వేళ్లు ముడుచుకుంటాయి. మైపాడులో మా నాయన ఫోటో స్టూడియో వెనక వసారాలో నా చిన్నతనమంతా ఆ వాసనే.

స్టూడియోకి కరెంటు లేదు. ఉత్తరం వైపు పెంకులు తీసి అద్దాలు వేయించి, వాటి కింద తెల్లటి పంచె కట్టి, ఎండను మెత్తగా చేసి మనుషుల మొహాల మీద పడనిచ్చేవాడు నాయన. మబ్బు పట్టిన రోజున వచ్చినవాళ్లను రేపు రమ్మనేవాడు. కార్తీక మాసంలో సముద్ర స్నానాలకు బండ్లు కట్టుకుని వచ్చిన కుటుంబాలు తడి చీరలు మార్చుకుని, పులిహోర పొట్లాలతో మా అరుగు మీద వరస కట్టేవి. వేట బాగా పడిన రోజుల్లో పడవల వాళ్లు పొలుసులు అంటిన చేతులతోనే వచ్చి కుర్చీలో బిగుసుకుని కూర్చునేవాళ్లు. "ఊపిరి తీసుకో అన్నా, నిన్నేం వలేసి పట్టడంలా" అని నాయన అంటే నవ్వేవాళ్లు. ఆ నవ్వు ఆరకముందే ఫోటో తీసేసేవాడు. ఫోటోలు కడిగిన మందు నీళ్లను మాత్రం కాలువలో పోయనిచ్చేవాడు కాదు. "రొయ్యపిల్లలు తాగతాయి మే" అని వెడల్పాటి మట్టి మూకుళ్లలో పోసి ఎండబెట్టేవాడు. ఈమధ్య నెల్లూరులో ఒక స్టూడియో మీద 'పర్యావరణానికి హాని చేయనిది' అన్న బోర్డు కూడబలుక్కుని చదివాను. నాయనకు ఆ మాట తెలియదు.

అప్పట్లో ఫోటో ముందుగా అద్దం ప్లేటు మీద పడేది, నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా. పాతబడిన ప్లేట్లను సోడా నీళ్లలో నానబెట్టి, పైపొర గీకేసి, ఫ్రేములకు అద్దాలుగా వాడేవాళ్లం. ఆ పని నాది. నా నాలుగో ఏట అమ్మ పోయింది. కాస్త ఎదగగానే ఇంట్లో పొయ్యి, స్టూడియోలో నీళ్లు నా మీద పడ్డాయి. బడికి వచ్చే ఏడు పంపుతాననేవాడు నాయన. నాకు ఊహ తెలిసేలోపే గోడ మీది అమ్మ ఫోటో తుఫానుకు నానిపోతే, ప్లేటు ఉంది కదా, మంచి ఫోటో కాగితం రాగానే ఇంకోటి తీస్తాననేవాడు.

ఒక మధ్యాహ్నం ఆయన ఎవరి పెళ్లికో పోయి ఉంటే, బల్ల మీద కాగితం చుట్టి ఉన్న ప్లేటు తీశాను. కాగితం మీద పెన్సిలుతో ఏదో రాసి ఉంది. ప్లేట్లలో అందరూ నాకు ఒకేలా ఉండేవాళ్లు, నల్ల మొహాలు, నెరిసిన జుట్లు. ఇంకో ముసలామె అనుకున్నాను. తొమ్మిదేళ్ల దాన్ని. శుభ్రంగా కడిగి మిగతా అద్దాలతో కలిపి ఆరబెట్టాను.

నాయన వచ్చి ఆ కాగితం తీసుకున్నాడు. "కడగొద్దని రాసుండానే మే..." అని సగంలో ఆగిపోయాడు. రాసింది ఎవరికోసమో అప్పుడు తట్టినట్టుంది. కొట్టలేదు. నా పక్కన కూలబడి, "మీ అమ్మను ఆఖరిగా చూసింది నువ్వే. ఎట్టుండింది?" అన్నాడు.

"ముసిలామె మాదిరి ఉండింది నాయనా. జుట్టంతా తెల్లంగా."

"పోనీలే, ముసిల్ది కూడా అయింది" అని నవ్వబోయి, తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు.

ఆ వారమే నన్ను బడిలో వేశాడు. పలక మీద ఏ అక్షరం చూసినా ఆ కాగితమే కనిపించేది. పది రోజులకు మానేశాను. నా నలభై ఆరో ఏట, నాయన పోయాక, మా మహిళా సంఘంలో ఒక అక్క దగ్గర చదవడం నేర్చుకున్నాను.

స్టూడియో ఉన్నచోట ఇప్పుడు ఆటోలు ఆగుతున్నాయి. అద్దాల కప్పు లేదు, కుర్చీ లేదు. అయినా ఏడాదికొకసారి మైపాడు వెళ్లేదాన్ని, మా పక్కింట్లో ఉండి చేపలమ్మిన పోలమ్మవ్వ కోసం. అమ్మ ఎట్లా ఉండేదని అడిగితే ఒకసారి "అచ్చం నీ మాదిరే" అనేది, ఇంకోసారి "నీకు యాడొచ్చిందిలే ఆ ముక్కు" అని ఎకసెక్కం చేసేది. ఆ రెండింటిలో ఏది నిజమో నాకు అక్కర్లేదు, వినడానికే వెళ్లేదాన్ని. పోయిన వేసవిలో ఆమె కూడా పోయింది. అమ్మ మొహం గుర్తున్న మనిషి ఇక ఎవరూ లేరు.