పప్పు ఉడకని ఊరు

బదిలీల కౌన్సెలింగ్‌లో నేను ఒక ఊరి పేరు చెప్పాలి. చెప్పిన ఊళ్లో నేనూ, మా ఆయనా, అత్తమ్మా ఏళ్ల తరబడి బతకాలి. అప్పటికి భద్రాచలం అవతల అడవి ఊళ్లో ఆరేళ్లుగా టీచర్ని. కావాలంటే అక్కడే ఉండిపోవచ్చు, మాకక్కడ లోటేమీ లేదు. లోటు కనిపించింది మా బావగారికి.

ఆయన మా ఆయనకు అన్న. ఖమ్మంలో గుమాస్తా ఉద్యోగం, దాన్ని ఆనుకునే ఉన్న ఖానాపురం హవేలిలో ఇల్లు. ఒక ఆదివారం మేం ఆయనింటికి వెళ్తే, చర్చి అయ్యాక తెల్ల కాగితం మధ్యలో స్కేలు పెట్టి గీత కొట్టి, ఇటు లాభాలు, అటు నష్టాలు రాయడం మొదలుపెట్టారు. మా ఊరికి ఆయన వచ్చింది ఒక్కసారి. ఒళ్లంతా దోమల క్రీము పూసుకుని వచ్చి, పొద్దు వాలకముందే వెళ్లిపోయిన మనిషి. ఆ అనుభవంతోనే నష్టాల వైపు జ్వరాలు, పాములు, బస్సు లేకపోవడం వరసగా దించేశారు. లాభాల వైపు చాలాసేపు ఆలోచించి 'గాలి' అని రాశారు.

ఖాళీలున్న మిగతా మూడు ఊళ్లలో మధిరకు రైలు లాభమట. ఎక్కడికైనా పోవచ్చట. ఊరి గొప్పదనం అందులోంచి బయటపడే వీలులో ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు. పెనుబల్లిలో మనవాళ్లెవరూ లేరని నష్టంలో వేశారు. నన్నడిగితే లాభంలో వేసేదాన్ని. ఖానాపురం హవేలికి మాత్రం కాగితం చాలలేదు. షేర్ ఆటోలు, చుట్టూ ఉద్యోగస్తులు, అన్నిటికన్నా ముఖ్యంగా రెండు సందుల అవతల తాను.

అత్తమ్మ ఈ రాతకోతల జోలికి పోలేదు. ఏ ఊరినైనా ఆమె అడిగేది ఒక్కటే: ఆ నీళ్లకు పప్పు ఉడుకుతుందా? మధిర, పెనుబల్లి నీళ్లు తెలిసినవాళ్లతో సీసాల్లో తెప్పించింది. ఖానాపురం హవేలి నుంచి పెద్దకొడుకింటి బోరు నీళ్లు తానే పట్టుకొచ్చింది. మా అడవి ఊళ్లో కట్టెల పొయ్యి మీద నాలుగు గిన్నెల్లో పిడికెడేసి కందిపప్పు వేసి ఉడకబెట్టింది. మా బావి నీళ్లలో పప్పు గరిటె తగలగానే మెత్తగా కలిసిపోయింది. మధిర, పెనుబల్లి నీళ్లు పరవాలేదనిపించాయి. బోరు నీళ్లలో వేసిన పప్పు వేసినట్టే ఉంది. సంగతి విని బావగారు నవ్వారు. కుక్కర్ కొనుక్కుంటే సరిపోతుందన్నారు.

కౌన్సెలింగ్ రోజు నా వంతు వచ్చింది. మా అడవి ఊరి పేరు నాలుక మీదే ఉంది. కిటికీ అవతల బావగారు కాగితం పట్టుకుని నిలబడ్డారు. రేపు ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే అందరూ నన్నే అంటారని భయమేసింది. ఖానాపురం హవేలి అన్నాను. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు.

ఇల్లు మారిన మొదటి ఆదివారం బావగారు భోజనానికి వచ్చారు. కుక్కర్ ఎనిమిది కూతలు కూసినా పప్పు పలుకు మీదే ఉంది.

"ఏందమ్మా, పప్పు గిట్ల రాళ్లలెక్క ఉంది?" అన్నారు.

"నువ్వు రాసిన ఊరి నీళ్లే బిడ్డా. తిను," అంది అత్తమ్మ.

నేను నవ్వు ఆపుకోలేక తల దించుకున్నాను. అత్తమ్మ అదే గరిటెతో నా కంచంలోనూ నిండుగా వేసింది.

"నువ్వు గూడ తిను బిడ్డా. పేరు జెప్పింది నువ్వే గదా."