వెన్నకు తోక

చేపల బజారులో ఆమెను అందరూ ముల్లక్క అంటారు. అసలు పేరు ఆమెకూ, ఆమె అన్నయ్యకూ, ఓటర్ల జాబితాకూ తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. నోటి దురుసు వల్ల ఆ పేరు వచ్చిందని కొత్తవాళ్ళు అనుకుంటారు. నోరు దురుసే, కాదనం. కానీ పేరు వచ్చింది అందుకు కాదు. ఆమె కోసిచ్చిన చేపలో వెతికినా ముల్లు దొరకదు. చిన్నపిల్లలకు, పళ్ళులేని ముసలివాళ్ళకు పెట్టాలంటే, ఎంతసేపైనా సరే, జనం ఆమె ముందే వరస కట్టేవారు.

ముప్పై ఏళ్ళు ఒకే కోత మొద్దు ముందు నిలబడింది. పొలుసు గీకడం, మొప్పలు లాగడం, పొట్ట శుభ్రం చేయడం ఎవరైనా చేస్తారు. ముల్లక్క పనితనమంతా వెన్ను తీయడంలో ఉండేది. వెన్ను అంటే తల దగ్గర్నుంచి తోక దాకా సాగే నడిమి ఎముక. పల్చటి కత్తి దాని పక్కనుంచి పోనిస్తుంటే మాంసం రెండు పలకలుగా ఊడివచ్చి, ఎముక దువ్వెనలా చేతిలో మిగిలేది. కత్తిని తొయ్యకూడదనేది ఆమె. "చేపే వదులుతుంది, మనం ఆగాలంతే" అనేది, నేర్చుకుందామని వచ్చినవాళ్ళతో. వాళ్ళు ఆగేవాళ్ళు కాదు. వేళ్ళు కోసుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

పెళ్ళి చేసుకోలేదు. ఆ ఊసెత్తిన చుట్టాల ముందు కత్తి నూరుకుంటూ కూర్చుంటే, రెండుమూడేళ్ళకు వాళ్ళే విసుగెత్తి మానుకున్నారు. అన్నయ్య ఇంట్లోనే ఉంటుంది. అన్నయ్యకు మంచినీళ్ళు కాచడం కూడా చేతకాదు. ముల్లక్కకు అంతవరకూ వచ్చు, ఆ పైన ఏమీ రాదు. ఇదేం విచిత్రమని అడక్కండి. ఇంట్లో వంటిల్లు వదినది. పెళ్ళయి అడుగుపెట్టిన రోజునే, "పొద్దుటినుంచీ చేపల్లో చేతులు పెట్టి వచ్చావు, ఇంక కూర్చో" అని ఆడపడుచును పీట మీద కూర్చోబెట్టింది. ముల్లక్క కూర్చుంది. ముప్పై ఏళ్ళు కూర్చునే తింది.

ఇలా సాగిపోతుండగా కుడిచేతి మణికట్టు మొరాయించింది. డాక్టరు ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, తలకాయలు నరికే పెద్ద కత్తి ఇంక పట్టొద్దన్నాడు. చిన్న కత్తి పరవాలేదట. పెద్ద కత్తి లేకుండా బజారులో కోతపని ఎక్కడుంటుంది? మొద్దు వేరేవాళ్ళకు అప్పజెప్పి ఇంటికి వచ్చింది.

ఇంట్లో రెండు వారాలు గడిచాయి. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికింది. కిటికీ ఊచలు తుడిచింది. అన్నయ్య కళ్ళజోడు రోజుకు మూడుసార్లు తుడిచిపెడితే, నాలుగోసారి ఆయన దాచేసుకున్నాడు. ఉద్యోగం పోయినందుకు కాదు ఆమె బాధ. యాభై ఒక్క ఏళ్ళకే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడమంటే ఆమెకు భయం వేసింది. ఆ భయం ఎవరితోనూ చెప్పలేదు. చెప్పకపోయినా వదినకు తెలిసింది.

బజారు వెనక వీధిలో ఎనిమిది బల్లల చిన్న భోజనశాల ఒకటుంది. స్కూల్లో డ్రాయింగ్ చెప్పి రిటైరైన ఒక మేడమ్ దాన్ని నడుపుతోంది. మధ్యాహ్నం వండే మనిషి మానేసిందని, చేపలు వండే మనిషి కావాలని గాజు తలుపు మీద కాగితం అంటించి ఉంది. ముల్లక్క ఆ కాగితం ముందు నుంచి మూడుసార్లు అటూ ఇటూ నడిచి, నాలుగోసారి లోపలికి వెళ్ళింది.

"చేపలు వండటం వచ్చా మీకు?" అని అడిగింది మేడమ్.

"ముప్పై ఏళ్ళుగా చేపలతోనే బతుకుతున్నానండీ" అంది ముల్లక్క. ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అక్కడితో ఆగితే బాగుండేది. "వెన్న, నిమ్మ సాస్‌తో తెల్ల చేప పెనం మీద కాల్చడం తెలుసా? మా దగ్గర అందరూ అదే అడుగుతారు" అని మేడమ్ అనగానే, "మా ఇంట్లో రోజూ అదే కదండీ" అనేసింది. నోరు ఆమెది, పెత్తనం దానిది. గురువారం మధ్యాహ్నం వచ్చి ఒకసారి వండిపెట్టమని, బాగుంటే సోమవారం నుంచి పనిలో చేరొచ్చని మేడమ్ చెప్పింది.

ఇంటికెళ్ళి సంగతి చెబితే వదిన తల పట్టుకుంది. ఎప్పుడో ఒక పెద్ద హోటల్లో ఏడాదిపాటు వంటకు సాయం చేసిన మనిషి, ఆ చేప ఆమెకు కొట్టిన పిండి. "పక్కన నిలబడి నేర్పిస్తాను రా" అంటే, ముల్లక్కకు రోషం వచ్చింది. "రాసివ్వు. చదువుకోవడం వచ్చు నాకు" అంది. వదిన పాత క్యాలెండర్ కాగితం చింపి, వెనక తెల్లటి వైపు రాసిచ్చింది.

ఇక్కడ వదిన చేతిరాత గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఆమె అక్షరాలు గుండ్రంగా, ముచ్చటగా ఉంటాయి. కాకపోతే ప్రతి మాట చివరా ఒక తోక తగిలిస్తుంది. ఆ తోక ఎక్కడ అలంకారమో, ఎక్కడ కొమ్మో ఆ రాత అలవాటైనవాళ్ళకే తెలియాలి. సరుకుల చీటీలు చదివీ చదివీ అన్నయ్యకు అలవాటైంది. ముల్లక్కకు ఆ అవసరం ఎప్పుడూ రాలేదు.

గురువారం పొద్దున్నే బజారుకు వెళ్ళి, కళ్ళు నిగనిగలాడే పండుగప్పలు రెండు ఏరి తెచ్చుకుంది. భోజనశాల వంటింట్లో ఒకదాన్ని చిన్న కత్తితో రెండు పలకలుగా తీసింది. మేడమ్ గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, బయటకు వెళ్ళి ఒక బల్ల దగ్గర కూర్చుంది. రోజూ అక్కడే భోంచేసే పోస్ట్‌మ్యాన్ కూడా ఆ బల్ల దగ్గరే రుమాలు పరుచుకుని సిద్ధంగా ఉన్నాడు.

ముల్లక్క కాగితం గోడకు ఆనించి మొదలుపెట్టింది. చేప తడి తుడువు. తుడిచింది. ఉప్పు, మిరియాల పొడి. చల్లింది. పెనం బాగా కాగాక నూనె వేసి, చర్మం కిందికి వచ్చేలా పెట్టు. పెట్టింది. పెనం చుర్రుమంది. ఆ పక్కన, కింద రెండు గీతలు గీసి, కదపకు అని ఉంది.

ఎవరికైనా ఇక్కడే చేయి దురద పుడుతుంది. ఎత్తి చూడాలనిపిస్తుంది. ముల్లక్క మాత్రం గరిటె పట్టుకుని నిశ్చింతగా నిలబడింది. మొదట పెనాన్ని కరుచుకున్న చేప, నాలుగు నిమిషాలకు తనంతట తానే వదిలింది. తిప్పితే చర్మం బంగారు రంగులో, అప్పడంలా పెళపెళలాడుతోంది. ఇంత తేలికా వంటంటే, అనుకుంది. ఇంతకాలం పీట మీద ఎందుకు కూర్చున్నానా అని కూడా అనుకుంది.

రెండో వైపు కాలాక పలకలు తీసి పళ్ళెంలో పెట్టి, తరవాతి వాక్యం చదివింది. అదే పెనంలో వెన్ను వేసి ఎర్రబడనివ్వు.

పైన ఇంకోచోట నిమ్ము కాయలు అని కనబడితే, చేపకు నిమ్ము ఎందుకని ఆలోచించి, నిమ్మ అని తనే దిద్దుకుంది. తెలివి లేక కాదు. కానీ ఈ మాట దగ్గర అనుమానమే రాలేదు. ముప్పై ఏళ్ళుగా రోజుకు వందసార్లు వాడిన మాట. ఎదురుగా ఇంకో పళ్ళెంలో, చేపలోంచి తీసిన వెన్ను నిజంగానే ఉంది కూడా. మా వదిన ఏదీ పారేయదు, ఎంత పొదుపో అని మురిసిపోయింది. పక్కన మేడమ్ పెట్టిన వెన్న ముద్ద బ్రెడ్డులోకి కాబోలనుకుంది.

వెన్ను పెనంలో పట్టలేదు. రెండుగా విరిచి, ఎర్రగా వేయించింది. కమ్మటి వాసన వచ్చింది. వెల్లుల్లి వేసి, నిమ్మరసం పిండి, నాలుగు చెంచాల నీళ్ళు పోసింది. చిక్కబడేదాకా పెనం తిప్పు అని ఉంది. తిప్పింది. అది చిక్కబడలేదు. ఇంకా తిప్పింది. రసం రసంలాగే అటూ ఇటూ పరుగెత్తుతోంది. చెంచాతో నాలుక మీద వేసుకుంటే పళ్ళు పులిసిపోయాయి. బయట పోస్ట్‌మ్యాన్ దగ్గు వినబడింది. ముల్లక్క పొయ్యి తగ్గించి వదినకు ఫోను చేసింది.

"చిక్కబడట్లేదు వదినా."

"వెన్న వేశావా?"

"వేశా. ఎర్రగా వేయించా."

"ఎంత వేశావు?"

"ఎంతేంటి, ఉన్నది ఒక్కటేగా. పెనంలో పట్టకపోతే రెండుగా విరిచి వేశా."

"పెనంలో పట్టనంత వెన్న వేశావా?"

"తోక తీసేశాలే."

"వెన్నకి తోకేంటే?"

ముల్లక్క కాగితం వైపు చూసింది. పెనంలోకి చూసింది. పక్కనున్న వెన్న ముద్ద వైపు చూసింది. "తోక పెట్టింది నువ్వే వదినా" అంది నీరసంగా.

వదిన నవ్వు మొదలుపెట్టింది. అది ఆగే నవ్వు కాదు. మధ్యలో ఊపిరి అందక, "వెన్న తల్లీ, పాల వెన్న" అంటూ మళ్ళీ నవ్వింది. ముల్లక్కకు ఏడుపు రావలసింది పోయి, ఆమెకూ నవ్వే వచ్చింది. ఇద్దరూ ఫోనుకు చెరో చివర కళ్ళు తుడుచుకున్నాక, వదిన గొంతు సర్దుకుంది.

"సరే విను. ఎముక తీసి పారెయ్యి. వెన్న చల్లగానే ఉందా? చిన్న చిన్న ముక్కలు చెయ్యి. ఒక్కోటీ వేస్తూ పెనం తిప్పుతూ ఉండు. మరగనిచ్చావో, విరిగి ఊరుకుంటుంది."

వెన్న ముక్క కరిగినకొద్దీ రసం మెత్తబడి, చిక్కబడి, పసుపుపచ్చగా మెరిసింది. ముల్లక్క మళ్ళీ చెంచాతో నాలుక మీద వేసుకుంది. పులుపు ఉంది, కానీ కోపం తగ్గిన పులుపు. దాని వెనక సముద్రం లాంటి రుచి ఏదో ఉంది. అది ఎక్కడినుంచి వచ్చిందో ఆలోచించే తీరిక లేదు. చేప పక్కన సాస్ పోసి, పళ్ళేలు బయటకు తీసుకెళ్ళింది.

పోస్ట్‌మ్యాన్ మొదటి ముద్ద తిని తలెత్తలేదు. చివరిదాకా తలెత్తలేదు. బ్రెడ్డు ముక్కతో పళ్ళెం తుడిచి, అది కూడా నోట్లో వేసుకున్నాడు. ముల్లక్క వంటింటి గుమ్మంలో నిలబడి అతన్ని రెప్పవేయకుండా చూసింది. ముప్పై ఏళ్ళలో ఎన్ని వేల చేపలు కోసిందో లెక్కలేదు. వాటిలో ఒక్కదాన్నయినా ఎవరో తింటుండగా ఆమె చూడలేదు. పొట్లం కట్టి ఇవ్వడంతో తన పని అయిపోయేది. చూస్తుంటే ఇంత హాయిగా ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మేడమ్ మాత్రం మెల్లగా తింటోంది. "ఇందులో నిమ్మా, వెన్నా కాకుండా ఇంకేదో ఉంది. ఏం వేశారు?"

"వెన్నండీ" అందామని నోరు తెరిచింది ముల్లక్క. అలా అంటే సరిపోయేది, ఎవరూ పట్టుకునేవాళ్ళు కాదు. కానీ అంత నిమ్మళంగా తింటున్న మనిషి ముందు ఇంకో అబద్ధం ఆడబుద్ధి కాలేదు. కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. వెన్ను సంగతి, తోక సంగతి, ఫోను సంగతి చెప్పింది. "అసలు నాకు వంటే రాదండీ. ఇవాళే మొదటిసారి. ఇంట్లో ఊరికే కూర్చోలేక అబద్ధం చెప్పాను" అని, పళ్ళేలు తీయడానికి వంగింది.

పోస్ట్‌మ్యాన్ మేడమ్ ముఖంలోకి చూశాడు. మేడమ్ కాగితాన్ని తిప్పి తిప్పి చదువుతోంది.

"మీకు రాదని నాకు ముందే తెలిసింది" అంది చివరికి. "ఏప్రన్ వెనకది ముందుకి వేసుకున్నారు. కానీ ఆ చేప ముందు నాలుగు నిమిషాలు చెయ్యి పెట్టకుండా నిలబడ్డారు చూశారా? తలుపు సందులోంచి చూశాను. ఇంతకుముందు ఇక్కడ చేసిన ముగ్గురిలో ఒక్కరికీ అది రాలేదు. మిగతావన్నీ నేర్పొచ్చు." కాగితం మడిచి ఇచ్చింది. "సోమవారం పదింటికి రండి. ఎముక కూడా వెయ్యండి, మానొద్దు."

ముల్లక్క సరేనని తలూపింది. పెరట్లోకి వచ్చి వదినకు ఫోను చేసింది. వదినా అని పిలిచి, ముక్కు ఎగబీల్చింది.

"పోనీలే" అంది వదిన వెంటనే. "ఇది కాకపోతే ఇంకోటి. ఇంటికి వచ్చెయ్యి."

"పని దొరికింది వదినా. సోమవారం నుంచి."

వదిన సంబరపడుతుందనుకుంది. పడింది కూడా, ఊపిరి పీల్చిన చప్పుడు వినబడింది.

"అయితే ఈ పూట నేను పొయ్యి వెలిగించను. నువ్వే వచ్చి వండు."

"ఏం, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉన్నాను. ఈ ఇంటికొచ్చి ముప్పై ఏళ్ళయింది. ఒకరు వండి, నా కంచంలో పెట్టి, తిను అన్నది లేదు. ఒక్కసారి కూర్చుని తినాలనుంది."

ముప్పై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఈ సంగతి తనకు తట్టనందుకు ముల్లక్కకు సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే, చెప్పలేనంత సంతోషం కూడా వచ్చింది.

"కూర్చో వదినా, వస్తున్నా" అంది. ఫోను పెట్టేసి లోపలికి వెళ్ళి, మిగిలిన రెండో చేప ఇంటికి పట్టుకెళ్ళొచ్చా అని మేడమ్‌ను అడిగింది.